ఎకో తీసేసిన సాయంత్రం

మా వైపు ఎవరు మైకు పట్టుకున్నా మొట్టమొదట అడిగేది ఎకో. పెళ్ళిలో పాడేవాళ్ళు, సువార్త సభలో మాట్లాడే అయ్యగారు, కాలేజీ ఫంక్షన్‌లో గిటారు మెడలో వేసుకున్న కుర్రాళ్ళు, అందరిదీ ఒకటే పాట: "కొంచెం ఎకో పెంచండి." ఒక గొంతు వెనకే ఇంకో పది గొంతులు వస్తున్నట్టు వినిపించే మాయ అది. అది ఉంటే తప్పిన శ్రుతి, అందని ఊపిరి, గొంతులో జీర అన్నీ కప్పబడిపోతాయి. తీసేస్తే మాత్రం ఉన్నవాడు ఉన్నట్టుగా దొరికిపోతాడు. తెనాలిలో మైకు సెట్టు షాపు తరఫున మిక్సర్ ముందు కూర్చునేది నేనే. స్టేజీ మీది మైకులూ వాయిద్యాలూ అన్నీ ముందు ఆ మిక్సర్‌లోకి వచ్చి, అక్కణ్ణించే స్పీకర్లలోకి పోతాయి. ఒక మనిషి కోసం ఆ ఎకో మీట మీద వేలు పెట్టుకుని కొన్నేళ్ళు కాచుకుని కూర్చున్నాను. పాము పగ అంటారే, అదే. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. ఆయన ప్రైమరీ స్కూల్ టీచరు. ఉద్యోగం స్కూల్లో, ప్రాణం మాత్రం చర్చి గంట మీద. సొంతూరు చెరుకుపల్లి పక్క పల్లె. తెనాలికి బదిలీ అయి వచ్చాక మా పేట చర్చిలో గంట కొట్టే పని అడిగి మరీ తీసుకున్నాడు. ఆదివారం గంట ఎవరైనా కొడతారు. ఎవరైనా పోయినప్పుడు కొట్టే గంట తాడు మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. ఆయన పుట్టిన ఆ రేపల్లె వైపు చర్చిల్లో దానికో పద్ధతి ఉంది. ఒక్క దెబ్బ. నిండుగా ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఆగడం. తర్వాత వెంటవెంటనే రెండు. మళ్ళీ ఆగి, మళ్ళీ ఒకటి. "ఒకటి పోయినవాళ్ళకి, రెండు ఉన్నవాళ్ళకి," అనేవాడు నాన్న.

ఆ గంట వినపడితే ఆ పల్లెల్లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. ఆడవాళ్ళు నెత్తిన కొంగు వేసుకుంటారు. ఎవరో ఒక పెద్దావిడ "ఎవరు పోయారు?" అని పైకే అడుగుతుంది. మొదలుపెట్టిన గంట మధ్యలో ఆపకూడదు. పోయినవాళ్ళ ఇంటి మనిషి వచ్చి చెయ్యెత్తి "చాలు" అనేదాకా కొడుతూనే ఉండాలి. తెనాలిలో ఈ పద్ధతి ఎవరికీ తెలియదు, గంట మోగితే టైమెంతయిందని ఫోన్ చూసుకుంటారు. అయినా నాన్న తన ఊరి పద్ధతి మార్చలేదు. "ఊరొదిలారు గానీ ఊరి తాడు వదల్లేదు ఈయన," అని అమ్మ వేళాకోళం చేసేది.

నాకు ఆ గంట తర్వాత అంత లోపలిదాకా తగిలిన చప్పుడు వడ్లమూడిలో విన్నాను. నేను ఇంటర్ చదివేటప్పుడు పక్కింటి అక్క వాళ్ళ యూనివర్సిటీ ఫెస్ట్‌కి నన్ను తోడు తీసుకెళ్ళింది. వేరే రాష్ట్రం నుంచి రాక్ బ్యాండు వచ్చింది. జుట్టు విరబోసుకుని అరుస్తున్నారు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. స్పీకర్ బాక్సు పక్కన నిలబడితే డ్రమ్ము దెబ్బ చెవుల్లో కాదు, పక్కటెముకల్లో పడుతోంది. అక్క చెవులు మూసుకుని "తల పగిలిపోతోందే, పద పోదాం" అంటోంది. నేను బాక్సుకి ఇంకాస్త దగ్గరికి జరిగాను. ఇంటికొచ్చాక మర్నాడంతా చెవుల్లో ఒకటే హోరు. అబ్బ, ఎంత సంతోషమో చెప్పలేను!

అప్పట్నుంచి నాకు అదే పిచ్చి. గుంటూరులో, బాపట్లలో, ఏ కాలేజీలో బ్యాండు వాయిస్తోందన్నా ఎవరో ఒక స్నేహితురాలిని బతిమాలి లాక్కుపోయేదాన్ని. "ఆడపిల్లవి, ఆ కేకల సంగీతమేంటే నీకు?" అని అమ్మ తిట్టేది. నాన్న ఒకరోజు నా ఇయర్‌ఫోన్ ఒకటి లాగి తన చెవిలో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నాడు. "మనలాంటివాళ్ళేనమ్మా, కాకపోతే గట్టిగా ఏడుస్తున్నారు," అన్నాడు. చర్చి స్టోరు గదిలో దుమ్ము పట్టిన గిటారు ఒకటి ఉంటే, అయ్యగారిని అడిగి తెచ్చి తీగలు మార్పించి ఇచ్చిందీ ఆయనే.

డిగ్రీలో ముగ్గురం కలిసి బ్యాండు పెట్టుకున్నాం. నేను గిటారు. ఇంకొకడు డ్రమ్ములు. మూడోవాడు పాటగాడు, నా పగ వీడి మీదే. నందివెలుగు వైపు పొలాలున్న ఇంటి అబ్బాయి. మంచి ఎలక్ట్రిక్ గిటారు, స్పీకరు అన్నీ వాడివే. వాళ్ళ గోడౌన్‌లో ధాన్యం బస్తాల మధ్య ప్రాక్టీసు చేసేవాళ్ళం. ఎంత గోల చేసినా బస్తాలు మింగేసేవి, చప్పుడు బయటికి పోయేది కాదు. నన్ను అందరి ముందూ "చెల్లెమ్మా" అనేవాడు. అప్పట్లో ఆ పిలుపు నాకు ముద్దుగానే ఉండేది. నా బుద్ధిని చెప్పుచ్చుకు కొట్టాలి.

నాన్న స్కూల్లోనే పోయాడు. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయాడట. శవాన్ని ఇంటికి తెచ్చాక చర్చిలో గంట మొదలైంది. సంఘంలో ఎవరో ఆదివారం గంటలాగా టంగు టంగుమని కొట్టేస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు మధ్యలో లేచి పరుగెత్తి, ఆయన చేతిలోంచి తాడు లాక్కున్నాను. ఒకటి. ఊపిరి. రెండు. ఆడపిల్ల గంట కొట్టడమేంటని ఒకరిద్దరు గొణిగారు గానీ దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. చిక్కేంటంటే చాలు అనాల్సిన ఇంటి మనిషిని కూడా నేనే. నా నోటికి ఆ మాట రాలేదు. అరచేతుల తోలు లేచిపోయింది. చివరికి అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుని "చాలమ్మా" అంటే అప్పుడు ఆపాను.

ఆ తర్వాత గిటారు పట్టుకుంటే నా చెయ్యి వేరే ఏమీ వాయించలేదు. లావు తీగ మీద ఒకటి, ఆగి రెండు. దాని మీద మెల్లగా పాట పెరిగింది. మాటలు నాన్న గురించే, చొక్కా జేబులో సుద్దముక్క, సైకిలు బెల్లు, తాడు పట్టుకుంటే బిగుసుకునే ఆయన నరాలు. గోడౌన్‌లో ఆ ఇద్దరికీ వినిపించాను. డ్రమ్మరు కళ్ళు తుడుచుకున్నాడు. పాటగాడు "ఏం ట్యూన్ చెల్లెమ్మా!" అని మళ్ళీ మళ్ళీ వాయించమన్నాడు. మా నాన్న పాట అని చెప్పాను. అది గంట అని మాత్రం చెప్పలేదు. ఆ మాట ఎత్తితే అక్కడే బావురుమంటానని భయం.

బాపట్లలో ఒక కాలేజీలో బ్యాండ్ల పోటీ పెట్టారు. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. స్టేజీ వెనక టార్పాలిన్ కింద మా వంతు కోసం నిలబడ్డాం. పేరు పిలిచారు. నేను గిటారు కోసం చెయ్యి చాపితే వాడు దాన్ని తన మెడలో వేసుకున్నాడు.

"ఇవాళ నువ్వు వెనకాల సౌండ్ చూసుకో చెల్లెమ్మా. గిటారు కూడా నేనే పట్టుకుంటా."

"అదేంటి? ఆ పాట నాది కదా!"

"నీదే, కాదన్నానా? ఆడపిల్ల గిటారు పట్టుకుంటే జనం పాట వింటారా, నిన్ను చూస్తారా? నీ మంచికే చెబుతున్నా."

డ్రమ్మరు వైపు చూశాను. వాడు చూపు తిప్పుకుని "ఈ ఒక్కసారికి సర్దుకుపోవే" అన్నాడు. వీడొకడు, గోడ మీద పిల్లి. నేను నోరు తెరిచేలోపు ఇద్దరూ మెట్లెక్కేశారు.

నాన్న గంటతో మొదలుపెట్టాడు వాడు. నేను మిక్సర్ పక్కన కట్టెలా నిలబడ్డాను. మొదటి చరణం విన్నాను. మాటలు మార్చేశాడు. ఎవరో పిల్ల నడుస్తోందట, ఆమె కాలి మువ్వలు మోగుతున్నాయట, వీడి గుండె ఆగిపోతోందట. మా నాన్న గంట తీసుకెళ్ళి ఊరూ పేరూ లేని పిల్ల కాలికి కట్టాడు! జనం ఈలలు వేశారు. ఫస్ట్ ప్రైజు వాళ్ళకే వచ్చింది. "ప్రేమలో పడ్డ రోజున నేను కట్టుకున్న పాట ఇది," అని మైకులో చెప్పి గుండె మీద చెయ్యి కూడా పెట్టుకున్నాడు.

బాపట్ల స్టేషన్‌లో తెనాలి బండి కోసం కూర్చున్నప్పుడు నిలదీశాను. "అది మా నాన్న పాటరా. నీకు మనసెలా ఒప్పింది?"

వాడు తాపీగా పల్లీలు నోట్లో వేసుకుంటూ అన్నాడు. "నాన్న పాటంటే ఏడుపు పాటే కదా చెల్లెమ్మా. ఏడుపు ఎవడిక్కావాలి? నేను దానికి పెళ్ళి చేశాను. సంతోషించు."

వాడి నోట్లో మన్ను పొయ్యాలనిపించింది. బండి వచ్చింది, వాళ్ళు ఎక్కారు, నేను ఎక్కలేదు. తర్వాత బండికి ఒక్కదాన్నే వచ్చాను. ఆ ప్రయాణంలోనే ఒట్టు పెట్టుకున్నాను, ఆ మాట వీడి చేత మింగించకపోతే నేను మా నాన్నకి పుట్టలేదని.

ఆ రోజు మిక్సర్ దగ్గరున్న మైకు సెట్టు బాబాయిది తెనాలే. నా ఏడుపంతా చూశాడు. వారం తిరక్కుండా షాపుకి పిలిచి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, పని నేర్పడం మొదలుపెట్టాడు. వైర్లు మెలిక పడకుండా చుట్టడం, వాన చినుకు పడగానే పెట్టెల మీద పట్టాలు కప్పడం, జనరేటరు దగ్గినప్పుడు అందరికంటే ముందు వినడం. స్టేజీ ముందు నిలబడి చూసిన రాక్ కచేరీలు ఒకెత్తు, వెనక నుంచి చూసినవి ఒకెత్తు. పులిలా గర్జించే గాయకుడు వెనక్కొచ్చి గోరువెచ్చటి నీళ్ళ కోసం గొడవ పెట్టుకుంటాడు. నల్ల కళ్ళజోడు తియ్యని గిటారిస్టు వాళ్ళమ్మ ఫోన్ చేస్తే "తిన్నానమ్మా, తిన్నాను" అంటూ తలకాయ ఊపుతుంటాడు. ఆ బతుకు నాకు నచ్చింది. పాటకి దగ్గరగా ఉన్నాను కదా అనుకునేదాన్ని. స్టేజీ మీద కాదనే మంట మాత్రం ఆరలేదు.

బాబాయికి ఒక నియమం ఉంది. "మిక్సర్ ముందు కూర్చున్నవాళ్ళకి శత్రువులుండకూడదమ్మా. స్టేజీ మీదివాడు ఏది ఇస్తే అదే జనానికివ్వాలి. మనం సొంతంగా ఏదీ కలపకూడదు." దేవుడి మాటలా వినేదాన్ని. వినక తప్పేది కాదు, నా శత్రువు మా మైకు సెట్టుకే వచ్చేవాడు.

వాడి మువ్వల పాట వీడియో అయింది, రింగ్‌టోన్ అయింది. తెనాలి ఆటో స్టాండులో నిలబడితే ఎవడి జేబులోంచో మా నాన్న చావు గంట మోగేది, వాడు ఫోనెత్తి "ఆఁ, వస్తున్నా" అనేవాడు. నా కడుపు మంట ఆ దేవుడికే తెలియాలి. వాడు తెనాలిలో ఎక్కడ పాడినా మా సెట్టే అడిగేవాడు. "నేను ఈ స్థాయికి రావడానికి మా సౌండ్ చెల్లెమ్మే కారణం, గట్టిగా చప్పట్లు!" అనేవాడు. జనం నా వైపు తిరిగి చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. ఎకో దండిగా పోసేదాన్ని.

కావాలంటే ఒక్క మీట తిప్పి స్పీకర్లు కుయ్యిమని అరిచేలా చెయ్యగలను. వేలు చాలాసార్లు దురద పెట్టింది కూడా. చేస్తే ఏమవుతుంది? నలుగురు నవ్వుతారు, బాబాయి నా పని ఊడబెరుకుతాడు, వాడికి ఆ పాట మాత్రం అలాగే మిగులుతుంది. నాకు వాడి పరువు కాదు కావాల్సింది. మా నాన్న గంట నాకు తిరిగి రావాలి. అది గంట అని జనం గుర్తుపట్టాలి. గుర్తుపట్టే జనం తెనాలిలో లేరు. రేపల్లె వైపు ఉన్నారు, అక్కడ వాడు ఇంతవరకూ పాడలేదు.

కిందటేడు రేపల్లె నుంచి ఒక చర్చి కమిటీ వాళ్ళు షాపుకి వచ్చారు. సంఘం వార్షికోత్సవమట, మైకు సెట్టు కావాలి. మాటల మధ్యలో పెద్దాయన అడిగాడు. "కుర్రాళ్ళు బ్యాండు కావాలని గొడవ చేస్తున్నారమ్మా. చెరుకుపల్లి వైపు పల్లెల్నించి ముసలీముతకా కూడా వస్తారు. మరీ గోలగా ఉండకుండా ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారండి," అన్నాను. వాడి ఫోన్ నంబరు నేనే ఇచ్చాను. "మీ పెద్దవాళ్ళందరికీ బాగా తెలిసిన పాటే పాడతాడండి."

ఆ రోజు మధ్యాహ్నమే వెళ్ళి సెట్టు బిగించాం. వాడు వచ్చి మైకు టెస్టు చేసుకున్నాడు. "ఎకో దంచెయ్ చెల్లెమ్మా. మువ్వల పాట మొదట్లో నా గిటారు ఒక్కటే ఉంటుంది కదా, దానికి ఇంకా ఎక్కువ పెట్టు. వెనక ల్యాప్‌టాప్ మ్యూజిక్ కూడా లేపు."

"నువ్వు మొదలుపెట్టు," అన్నాను. "తర్వాత సంగతి నేను చూసుకుంటా."

పొద్దు వాలుతుండగా షామియానా నిండింది. ముందు వరుసల్లో తెల్ల చీరల మామ్మలు, ఒళ్ళో బైబిలు సంచులు. వెనక కుర్రకారు. మొదటి రెండు పాటలకి కుర్రాళ్ళు గంతులేశారు. మామ్మలు అట్టముక్కలతో విసురుకుంటూ ఈ గొడవ ఎప్పటికి వదులుతుందిరా దేవుడా అన్నట్టు కూర్చున్నారు. అప్పుడు వాడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ప్రేమలో పడ్డ రోజు కథ చెప్పాడు. కళ్ళు మూసుకుని లావు తీగ మీటాడు.

నేను ఎకో పూర్తిగా దించేశాను. ల్యాప్‌టాప్ మ్యూజిక్ కట్టేశాను. వాడి గిటారు, వాడి గొంతు మైకు, ఆ రెండే ఉంచాను.

ఒకటి. షామియానా నిండా ఖంగుమంది. ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఏమీ లేదు. తర్వాత రెండు.

ముందు వరుసలో ఒక మామ్మ చేతిలో అట్టముక్క ఆగింది. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. నెత్తిన కొంగు వేసుకుంది. పక్కావిడ లేచింది. ఆ వరుస లేచింది, దాని వెనక వరుస లేచింది. వెనక కుర్రాళ్ళు తెల్లబోయి చూస్తుంటే తల్లులు చొక్కాలు పట్టి లేపారు. వాడు కళ్ళు తెరిచాడు. కచేరీలో జనం లేచి నిలబడటం కంటే పెద్ద మర్యాద ఉండదు కదా. వాడి ముఖం మతాబాలా వెలిగిపోయింది. వంగి దణ్ణం కూడా పెట్టాడు. ఇంకా గట్టిగా మీటాడు.

బాబాయి నా చెవి దగ్గరికి వంగాడు. "ఏం చేశావే?"

"ఏమీ కలపలేదు బాబాయ్. తీసేశానంతే."

ఆయన నా ముఖం చూశాడు, జనాన్ని చూశాడు. ఏమనిపించిందో మరి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని తనూ లేచి నిలబడ్డాడు.

మొదట లేచిన మామ్మ నడుచుకుంటూ స్టేజీ అంచుకి వచ్చింది. వాడు మువ్వల మాట ఎత్తుకోబోతుంటే తలెత్తి అడిగింది. వాడి మైకు ఆ మాటని కూడా అందుకుని షామియానా అంతా వినిపించింది.

"ఎవరు పోయారు నాయనా?"

"ఏంటి మామ్మగారూ?"

"గంట కొడుతున్నావుగా. ఎవరు పోయారని అడుగుతున్నా."

వాడి చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసి గాల్లో వేలు గిర్రున తిప్పాడు, ఎకో ఏదీ అని. అప్పటిక్కూడా వాడికి కావాల్సింది ఎకోనే! మిక్సర్ దగ్గర మాకు ఒక మైకు ఉంటుంది, స్టేజీ మీదివాళ్ళతో మాట్లాడటానికి. ఇన్నేళ్ళూ అందులో హలో, చెక్ తప్ప నేనేం మాట్లాడలేదు. దాన్ని చేతిలోకి తీసుకున్నాను.

"మా నాన్నండి," అన్నాను. గొంతు వణికింది. వణికితే వణకనీ అనుకున్నాను. "మీ చెరుకుపల్లి పక్క ఊరాయనే. తెనాలిలో టీచరు. చర్చి గంట కూడా ఆయనే కొట్టేవాడు. ఆయన పోయినప్పుడు నేను కొట్టిన గంటండి ఇది. ఈ అబ్బాయి తీసుకెళ్ళి లవ్ సాంగ్ చేసుకున్నాడు."

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. గిటారు మెడలోంచి తియ్యబోయాడు.

"ఆపావేంటి?" అంది మామ్మ. "మొదలెట్టిన గంట మధ్యలో ఆపకూడదు. కొట్టు."

"మామ్మగారూ, ఇది పాటండి, గంట కాదు..."

"కొట్టు బాబూ," అన్నాడు వెనక వరుస నుంచి కమిటీ పెద్దాయన. గట్టిగా కూడా అనలేదు. షామియానా మొత్తం నిలబడి వాడి చేతినే చూస్తోంది.

వాడు కొట్టాడు. ఒకటి. ఆగాడు. రెండు. మువ్వలు లేవు, పిల్లా లేదు. తన చేత్తో మా నాన్నకి గంట కొడుతున్నాడు. మామ్మ నా వైపు తిరిగింది.

"ఇంటి మనిషివి నువ్వేగా తల్లీ. నువ్వు చాలన్నప్పుడే చాలు."

వాడు నా వైపు చూశాడు. పెదాలు కదిలాయి, చెల్లెమ్మా అన్నాడనుకుంటా. నేను కూడా లేచి నిలబడ్డాను. చున్నీ నెత్తిన వేసుకున్నాను. చెయ్యి మాత్రం ఎత్తలేదు.